మైనస్ ఇరవై ఏడు

"ఇంకోసారి చెప్పండి. గురువారం పొద్దున ఏడూ యాభై రెండుకి మీరెక్కడున్నారు?"

"కిజిల్‌బెల్ కనుమ మీద. మీరు ఎన్నిసార్లు అడిగినా కనుమ కిందికి దిగి రాదు మేడం."

మార్లెన్ కుర్చీలో వెనక్కి వాలి తన ఫోన్‌ని బల్ల మీద ముందుకు తోశాడు. తాష్‌కెచూ ఊళ్ళో అందరికంటే పెద్ద గొర్రెల మంద అతనిది. నలభై ఐదేళ్ళు ఉంటాయి. గది వెచ్చగా ఉన్నా కోటు విప్పలేదు.

అనార్‌కుల్ ఫోన్ అందుకుంది. జిల్లా కేంద్రం నరీన్ నుంచి ఈ కేసు కోసం పంపితే నిన్న సాయంత్రమే దిగిన ఇన్వెస్టిగేటర్ ఆమె. ఫొటోలో జీపు డ్యాష్‌బోర్డు ఉంది. గడియారం 7:52. దాని కింద బయటి చలి, మైనస్ 27. ఆ ఫొటోని మార్లెన్ 7:53కి తన భార్యకి పంపాడు. కింద ఒక ముక్క రాశాడు: "కనుమ మీద ఉన్నా. టీకి రాను."

జంతువుల డాక్టరు జిర్గాల్‌ని వంతెన మీద ఏదో బండి గుద్దింది అదే పొద్దున, ఏడూ నలభైకి. ఆమె నడుస్తూ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. మాట మధ్యలో తెగిపోయింది. ఇప్పుడు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. గుద్దిన టైము విషయంలో మాత్రం అనుమానం లేదు. వంతెన నుంచి కనుమకి ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఆ మంచులో యాభై నిమిషాలు పడుతుంది. పన్నెండు నిమిషాల్లో ఎవరూ చేరలేరు.

"సరిపోయిందా చెల్లెమ్మా?" కిటికీ దగ్గర నిలబడ్డ కెప్టెన్ సోవెత్‌బెక్ అడిగాడు. ట్రాఫిక్ పోలీసులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఈ గదీ, ఈ బల్లా, ఈ కేసూ తనవే అనుకుంటున్న మనిషి. "గుద్దినవాడు లాకప్‌లో ఉన్నాడు. నీకు చెప్పాను, చూపించాను. రొట్టెల వ్యాను నడిపే కుబాన్. బంపర్ సొట్ట. తాగి నడిపి ముందు రెండుసార్లు దొరికాడు."

"గుద్దినవాడే ఆమెని ఎత్తుకుని ఆస్పత్రికి తెచ్చాడంటారు. ఎనిమిదీ అయిదుకి."

"భయమేసింది, తెచ్చాడు."

"ఆ సొట్టలో తుప్పు ఉంది కెప్టెన్ గారూ. మూడు రోజుల్లో అంత తుప్పు పట్టదు."

"తుప్పు గురించి నాకు చెప్తావా?"

అనార్‌కుల్ ఫోన్‌ని బల్ల మీద పెట్టి, అరచేత్తో తిప్పి, మార్లెన్ వైపు చూసింది. అతని మందలో జబ్బు ఉందని, మందంతా చంపేయాలని జిర్గాల్ పోయిన వారమే కాగితం రాసింది. దాని మీద సంతకం ఇంకా పెట్టలేదు. వచ్చే సోమవారం పెట్టాల్సి ఉంది.

"కనుమ మీద చలి బాగా ఉందా ఆ రోజు?"

"ఫొటోలో ఉందిగా. ఇరవై ఏడు. గడ్డం గడ్డకట్టింది."

"కనుమ మీద వాతావరణ గుడిసెలో బూరుల్ అవ్వ ఉంటుంది, తెలుసుగా? ప్రతి మూడు గంటలకీ కొలత తీసి పుస్తకంలో రాస్తుంది. ఇవాళ పొద్దున ఫోన్ చేసి గురువారం పేజీ చదివించుకున్నాను." ఆమె తన నోట్‌బుక్ తెరిచింది. "ఎనిమిది గంటలకి కనుమ మీద మైనస్ పదకొండు. ఇక్కడ, ఈ ఊళ్ళో, ఆస్పత్రి వాళ్ళు రాసుకున్న కొలత మైనస్ ఇరవై ఏడు."

కెప్టెన్ పకపకా నవ్వాడు. "పైన వెచ్చగా, కింద చల్లగానా? నరీన్‌లో కొండల్ని తలకిందులుగా కట్టారేమో!"

"గాలి వీచని రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది. నీళ్ళు పల్లానికి చేరినట్టు ఈ లోయలో వచ్చి నిండుతుంది. సూర్యుడొచ్చి కదిపేదాకా కదలదు. ఇది నా మాట కాదు. ఆ ముసలావిడ పదకొండు చలికాలాల పుస్తకం మాట."

మార్లెన్ ముఖంలో ఆశ్చర్యం లేదు. అది అనార్‌కుల్ గమనించింది. కెప్టెన్ నవ్వినట్టు అతనూ నవ్వాలి. నవ్వలేదు.

"ఓ, అదా!" అన్నాడు మార్లెన్. "నా సెన్సర్ పాడైంది మేడం. నెల రోజులుగా నోటికొచ్చిన అంకె చూపిస్తోంది. నిన్ననే మార్పించాను." రొమ్ము జేబులోంచి మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. అసానలీ మెకానిక్ షెడ్డు. శుక్రవారం, సాయంత్రం నాలుగు. బయటి చలి సెన్సర్ ఒకటి మార్చబడినది.

పర్సులో పెట్టలేదు, జీపులో పడెయ్యలేదు. అంత చిన్న రిపేరు చీటీని గుండె దగ్గర పెట్టుకు తిరిగే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

"ఇప్పుడే గడ్డం గడ్డకట్టిందన్నారు."

"గడ్డం పదకొండుకైనా కడుతుంది."

"బాగుంది," అంది ఆమె. "అయితే ఫొటోలో సగం అబద్ధం అని మీరే అంటున్నారు."

"గడియారానికీ సెన్సర్‌కీ సంబంధం లేదు," కెప్టెన్ అడ్డుపడ్డాడు. "చలి తప్పు చూపిస్తే టైము కూడా తప్పా?"

"టైము తప్పని నేననలేదు. ఆ టైముకి జీపు ఎక్కడుందో చెప్పేది చలి ఒక్కటే. ఫోన్ టవరు చెప్పదు. గుట్ట మీదున్న ఒకే టవరు ఊరికీ కనుమకీ కూడా." ఆమె లేచింది. "జీపు తాళాలు ఇస్తారా? అసానలీ దగ్గరికి తీసుకెళ్తాను. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తాను."

మార్లెన్ కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ భుజాలు ఎగరేశాడు. తాళాలు బల్ల మీద పడ్డాయి.

"నేనూ వస్తున్నా," అన్నాడు సోవెత్‌బెక్ టోపీ పెట్టుకుంటూ. "బంపర్ విప్పి నీకేం దొరుకుతుందో నా కళ్ళతో చూడాలి."

"అన్నా, మరి నేను?" మార్లెన్ అడిగాడు.

"నిన్నెవరు పట్టుకున్నారు? కూర్చుంటే కూర్చో, పోతే పో."

అప్పుడు టైము పదీ నలభై.

* * *

అసానలీ షెడ్డు సంత వెనక ఉంది. అరవై దాటిన మనిషి. జీపుని చూడగానే చేతులు గుడ్డకి తుడుచుకోవడం మొదలుపెట్టి, అవి శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"బాబాయ్, నిన్న ఈ జీపుకి ఏం మార్చారు?"

"చలి సెన్సర్."

"ఎందుకు?"

"పాడైందన్నాడు."

"ఆయన అన్నాడు. మీరేమన్నారు?"

అసానలీ కెప్టెన్ ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. "ఓనరు మార్చమంటే మార్చాలి అమ్మా. మార్లెన్ మా ఆవిడకి పిన్ని కొడుకు. ప్రతి చలికాలం మా వీధిలో సగం ఇళ్ళకి మాంసం పంపుతాడు."

"పాతది ఎక్కడ?"

తగరపు డబ్బాలో బోల్టుల మధ్య నుంచి తీసి ఇచ్చాడు. వేలి కొసంత నల్లటి గుండు. తోకలా రెండు సన్నటి వైర్లు, వాటి చివర ప్లగ్గు ఉండాలి. ప్లగ్గు విడిగా ఉంది. రెండు వైర్లూ మధ్యకి తెగి ఉన్నాయి.

కెప్టెన్ ముందుకు వంగాడు. "అదిగో! వైర్లు తెగాయి. పాడైందన్న మాట నిజమే. టీ తాగి ఇంటికెళ్దాం పద."

అనార్‌కుల్ దాన్ని వెలుతురు వైపు పెట్టి చూసింది. రాయి తగిలితే వైరు నలుగుతుంది, సాగుతుంది. ఇక్కడ రెండు వైర్లూ ఒకే పొడవులో, గోరు కత్తిరించినట్టు నున్నగా తెగాయి. లోపలి రాగి ఇంకా ఎర్రగా మెరుస్తోంది. ఉప్పు చల్లిన రోడ్డు మీద ఒక్క రోజు తిరిగినా ఆ మెరుపు ఉండదు.

"బాబాయ్, వైరు తెగిపోతే డ్యాష్‌బోర్డు ఏం చూపిస్తుంది?"

అసానలీ బోల్టుల డబ్బాకి మూత పెట్టాడు.

"మీరు చెప్పొద్దు. చేసి చూపించండి."

అతను కాసేపు నేల చూసి, ఒక అట్టముక్క పరిచి జీపు ముక్కు కింద వెల్లకిలా పడుకున్నాడు. ముందున్న బరువైన ఇనుప గార్డు వెనక, బంపర్ లోపలికి చెయ్యి పెట్టాడు. 'టిక్' మని చిన్న చప్పుడు. ప్లగ్గు ఊడింది. అనార్‌కుల్ తాళం తిప్పింది. అంతవరకు మైనస్ 9 అని ఉన్న చోట అంకె మారింది.

మైనస్ 40.

"చూశారా కెప్టెన్ గారూ? వైరు తెగితే ఇక్కడ నలభై పడుతుంది. జనవరి అయినా జూన్ అయినా నలభైయే. ఇరవై ఏడు రాదు. గురువారం ఫొటోలో ఇరవై ఏడు ఉంది. అంటే గురువారం ఈ వైర్లు తెగలేదు."

కెప్టెన్ డ్యాష్‌బోర్డు వైపు చాలాసేపు చూశాడు. ఓటమి ఒప్పుకునే రకం కాదు, కానీ తెలివి లేనివాడూ కాదు.

"సరే. తర్వాత తెగాయి. అయితే ఏంటి? తెగకముందే తప్పు చూపించి ఉండొచ్చుగా. పదకొండుని ఇరవై ఏడని."

"చూపించి ఉండొచ్చు." ఆమె నిజంగానే ఒప్పుకుంది. "అందుకే దీన్ని బతికించి అడుగుదాం. బాబాయ్, వైర్లు కలిపి కట్టగలరా?"

అసానలీ వైర్లు చెక్కి, మెలితిప్పి, టేపు చుట్టాడు. పాత ప్లగ్గుతో పాత సెన్సర్‌ని జీపుకి తగిలించి, బంపర్ బయట గాలికి వేలాడదీశాడు. "చేతి వేడి పోవాలి. పది నిమిషాలు ఆగండి," అని లోపలికెళ్ళి టీ తెచ్చాడు. పాలు, ఉప్పు వేసిన టీ.

ముగ్గురూ నిలబడే తాగారు.

"కుబాన్ మీద నాకేం కోపం లేదు," ఉన్నట్టుండి అన్నాడు సోవెత్‌బెక్. "రెండేళ్ళ క్రితం తాగి నడిపితే పట్టుకున్నాను. 'ఇంకెప్పుడూ తాగను కెప్టెన్' అని ఏడ్చాడు. వదిలేశాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ దొరికాడు. ఈసారి డాక్టరు రక్తం వాడి వ్యానులో చూసేసరికి... నేను వదిలేసినవాడే కదా అనిపించింది."

అనార్‌కుల్ కప్పులోకి చూసింది. తనని వేధించే తప్పుని దిద్దుకోవాలన్న తొందరలో ఒక మనిషి ఇంకో తప్పు చేశాడు. అతని మీద నిన్నటి నుంచి పేరుకున్న చిరాకు కొంచెం కరిగింది. "ఆయన తాగలేదు ఆ రోజు. రక్త పరీక్ష చూశాను," అని మాత్రం అంది.

పది నిమిషాలు అయ్యాయి. డ్యాష్‌బోర్డు: మైనస్ 9. షెడ్డు గుమ్మానికి కొట్టిన థర్మామీటర్‌లో ఎర్రగీత: మైనస్ 9.

"తొమ్మిది దగ్గర నిజం చెప్పి, ఇంకా చలి పెరిగితే అబద్ధం చెప్పొచ్చు," అన్నాడు కెప్టెన్.

"మంచి మాట అన్నారు."

"ఎకసెక్కమా?"

"కాదు. కోర్టులో లాయరు కూడా అదే అడుగుతాడు. ఇప్పుడే మీరు అడిగారు, మేలు."

ఈసారి అసానలీ ఎవరూ అడక్కుండానే కదిలాడు. ఊరగాయ జాడీలాంటి గాజు సీసాలో మంచు నింపి, గుప్పెళ్ళతో ఉప్పు వేసి కర్రతో కలిపాడు. గుమ్మం మీది థర్మామీటర్ పీకి అందులో గుచ్చాడు. పక్కనే సెన్సర్‌ని దించాడు. ముగ్గురూ జీపు తలుపు దగ్గర గుమిగూడారు. అంకె దిగసాగింది. పదకొండు. పద్నాలుగు. పదహారు. పద్దెనిమిది దగ్గర ఆగింది. సీసాలో ఎర్రగీత కూడా పద్దెనిమిది మీదే నిలబడింది.

"ఇది ఇరవై ఏడు కాదు, నిజమే," అంది అనార్‌కుల్. "కానీ తొమ్మిదినీ పద్దెనిమిదినీ ఉన్నదున్నట్టు చెప్పిన సెన్సర్, వాటి మధ్యనున్న పదకొండుని ఇరవై ఏడని చెప్పిందంటే మీరు నమ్ముతారా?"

సోవెత్‌బెక్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అది మంచి సెన్సరేనమ్మా," అన్నాడు అసానలీ నెమ్మదిగా. "నిన్న వాడు వచ్చినప్పుడు కూడా డ్యాష్‌బోర్డులో ఎంతుందో నా గుమ్మం మీద అంతే ఉంది. చెప్పాను. వినలేదు. కొత్తది పెట్టాక పాతది చేతిలోకి తీసుకుని, కటింగ్ ప్లయర్ అడిగాడు. ఇక్కడే నిలబడి కత్తిరించాడు. 'ఇది పాడైందని ఎవరడిగినా చెప్పు బావా' అన్నాడు. నేను..." గుడ్డ తీసి మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. "జిర్గాల్ మా ఆవు ఈనలేకపోతే రాత్రంతా కూర్చున్న పిల్ల. నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

అనార్‌కుల్ అతని చేత అంతా రాయించి సంతకం పెట్టించింది. పాత సెన్సర్‌ని కవరులో పెట్టి అంటించింది. జీపుకి కొత్తదే తిరిగి తగిలించారు.

* * *

స్టేషన్‌కి వచ్చేసరికి పన్నెండూ పది. మార్లెన్ కుర్చీ ఖాళీ.

"ఎప్పుడెళ్ళాడు?" కెప్టెన్ కాపలా పోలీసుని అడిగాడు.

"మీరెళ్ళిన అయిదు నిమిషాలకే సార్. వాళ్ళ మంద దగ్గరి పాత బండి తెప్పించుకున్నాడు."

"ఇంటికేనా?"

"కాదు సార్, కనుమ రోడ్డు పట్టాడు. బూరుల్ అవ్వ శనివారాలు కూడా పైనే ఉంటుందా అని నన్నడిగాడు. ఉంటుందన్నాను."

అనార్‌కుల్ జేబులోంచి ఫోన్ తీసింది. ఆ పేరు అతనికి ఎవరు చెప్పారు? తనే. పుస్తకం సంగతి ఎవరు చెప్పారు? తనే. అతని ముఖం ఎలా మారుతుందో చూడాలన్న సరదాతో, అక్కర్లేని వివరం కూడా బల్ల మీద పరిచింది. పుస్తకం పోతే పోయింది. ముప్పై ఒక్క కిలోమీటర్ల అవతల ఒంటరి గుడిసెలో డెబ్బై ఏళ్ళ మనిషి ఒక్కతే ఉంది.

ఫోన్ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎత్తడం లేదు.

"నేనేగా పొమ్మన్నాను వాణ్ణి," అన్నాడు సోవెత్‌బెక్. "పద. ఆ జీపే తీద్దాం, దాని టైర్లే మంచివి. నేను నడుపుతాను."

వంతెన దాటేటప్పుడు డ్యాష్‌బోర్డులో మైనస్ 9. పది కిలోమీటర్లు ఎక్కేసరికి మైనస్ 7. గుట్ట మలుపులో మైనస్ 6.

కెప్టెన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "ఎక్కేకొద్దీ వెచ్చబడుతోంది."

"ఊఁ."

"ఇరవై ఆరేళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాను. ఒక్కసారి కూడా చూళ్ళేదు."

ఆమె వినడం లేదు. పక్క సీట్లోంచి ఆ అంకెనే చూస్తోంది. గడియారం, దాని కింద చలి. వాటికి అడ్డంగా స్టీరింగ్ చక్రం కుడి అంచు. చప్పున ఫోన్ తీసి, పొద్దున తను కాపీ చేసుకున్న మార్లెన్ ఫొటో తెరిచింది. అదే గడియారం, అదే చలి, వాటికి అడ్డంగా అదే కుడి అంచు.

"అన్నా, ఒక్క క్షణం. మీ సీట్లోంచి గడియారానికి చక్రం అడ్డొస్తోందా?"

"లేదు. చక్రం మధ్యలోంచి నేరుగా కనిపిస్తోంది. ఏం?"

"నాకు అడ్డొస్తోంది. ఫొటోలోనూ అడ్డొచ్చింది." ఆమె గొంతు తగ్గింది. "ఆ ఫొటో తీసినవాడు బండి నడపడం లేదన్నా. ఇక్కడ, నా సీట్లో కూర్చున్నాడు."

సోవెత్‌బెక్ గేరు మార్చి ఇంకొంచెం తొక్కాడు.

* * *

గుడిసె ముందు పాత బండి తలుపు తెరిచే ఉంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ. కెప్టెన్ పిస్తోలు తీసి తలుపు తన్నాడు.

"తన్నకు! అది తెరిచే ఉంది!" లోపల్నుంచి ముసలి గొంతు కసిరింది.

బూరుల్ అవ్వ మంచం మీద కూర్చుని మణికట్టు రుద్దుకుంటోంది. మార్లెన్ పొయ్యి ముందు నేల మీద కూలబడి ఉన్నాడు. పొయ్యిలో లావుపాటి పుస్తకం అట్ట ఒకటి ముడుచుకుపోతూ కాలుతోంది.

"అవ్వా, దెబ్బ తగిలిందా?"

"ఫోన్ లాక్కుంటుంటే చెయ్యి మెలిపడింది. పదకొండేళ్ళ పుస్తకం కాల్చాడు, బుర్ర తక్కువ వెధవ! నేను తీసిన ప్రతి కొలతా అప్పటికప్పుడే రేడియోలో నరీన్‌కి చెప్తానురా, అక్కడా రాసుకుంటారురా అంటే, అప్పుడు కూలబడ్డాడు. అప్పట్నుంచీ అలాగే ఉన్నాడు. టీ పోశాను, తాగలేదు."

అనార్‌కుల్ అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"మార్లెన్, సెన్సర్ ఎందుకు మార్చావ్? శుక్రవారం నిన్నెవరూ అనుమానించలేదే."

"మా కాపరి కనుమ దిగి వచ్చాడు," మార్లెన్ పొయ్యి వైపే చూస్తున్నాడు. "గురువారం పైన గొర్రెలు ఎండలో పడుకున్నాయన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ అంకె తప్పని. ఫొటో వెనక్కి తీసుకోలేను. అప్పటికే ఊరంతా చూపించాను."

"ఏడూ యాభై రెండుకి జీపు ఎక్కడుంది?"

"మా గేటు ముందు."

"ఎవరు నడిపారు?"

అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఫొటో నువ్వు తీశావ్, పక్క సీట్లోంచి. నీ భార్యకి పంపావ్. మెసేజ్ వెళ్ళినప్పుడు ఆమె ఫోన్ ఎక్కడ మోగింది?"

"నా పక్కనే," అన్నాడు మార్లెన్. "స్టీరింగ్ ముందు. తనే చెప్పింది, ఫొటో తియ్యి, కనుమ మీద ఉన్నానని రాయి, నాకు పంపు అని. చేతులు వణకలేదు తనకి. నావి వణికాయి. ఆ మంద వాళ్ళ నాన్న ఇచ్చింది. ఆయన పోతూ కూతురు సైరా చేతిలో పెట్టాడు. వంతెన మీద జిర్గాల్ కనబడింది. మంచు మీద జారిందనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకోవాలని చూశాను. జారలేదు మేడం. తను బ్రేకు తొక్కలేదు."

పొయ్యిలో అట్ట విరిగి పడింది. కెప్టెన్ పిస్తోలు ఎప్పుడు లోపల పెట్టాడో ఎవరూ చూడలేదు.

"సైరా ఇప్పుడెక్కడుంది? ఇంట్లోనా?"

"డ్యూటీలో."

"ఏం డ్యూటీ?"

మార్లెన్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "నర్సు కదా. రెండో వార్డు."

జిర్గాల్ ఉన్నది రెండో వార్డులోనే. మూడు రోజులుగా స్పృహ లేకుండా.

సోవెత్‌బెక్ అప్పటికే బయటికి పరిగెత్తి తన ఫోన్‌లో అరుస్తున్నాడు, ఆస్పత్రికి దగ్గర్లో ఎవరున్నారు, ఎవరున్నా పరిగెత్తండి, కుబాన్‌ని బయటికి వదలండి, వార్డు దారి వాడికి తెలుసు, వాణ్ణీ వెంట తీసుకెళ్ళండి అని. అనార్‌కుల్ వార్డు నంబరుకి చేసింది. నాలుగో రింగుకి ఎత్తారు.

"రెండో వార్డు. సైరా మాట్లాడుతున్నాను."

ప్రశాంతమైన గొంతు. అనార్‌కుల్‌కి ఒకటే తోచింది. ఈ గొంతు ఈ ఫోన్‌లో ఉన్నంతసేపు ఆ మంచం దగ్గర ఉండదు.

"నేను ఇన్వెస్టిగేటర్ అనార్‌కుల్‌ని. జిర్గాల్ ఎలా ఉంది?"

"మార్పు లేదు. పొద్దున జ్వరం వచ్చింది. తగ్గించాను."

"మందులు ఎవరిస్తున్నారు?"

"నేనే. రోజూ నేనే." ఇటుపక్క అవ్వ మార్లెన్‌ని టీ తాగమని గదిమింది. "మీ వెనక బూరుల్ అవ్వ గొంతు వినిపిస్తోంది. అక్కడికి మా ఆయన వచ్చాడు కదూ?"

"సైరా..."

"చెప్పేశాడన్నమాట."

రిసీవర్ పెట్టేసిన చప్పుడు రాలేదు. బల్ల మీద పక్కన ఉంచిన చప్పుడు వచ్చింది. తర్వాత అడుగులు, తొందర లేనివి, దూరమవుతూ. స్టూలు నేల మీద జరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. అనార్‌కుల్ ఫోన్‌ని చెవికి నొక్కుకుని నిలబడింది. పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో తలుపు ధడాల్న తెరుచుకుంది, బూట్లు, ఎవరో రొప్పుతున్నారు, ఇద్దరు.

"మేడం! లైన్లో ఉన్నారా?" కాపలా పోలీసు గొంతు.

"చెప్పు! బతికుందా?"

"ఉంది మేడం. ఊపిరి తీస్తోంది, నేను చూస్తున్నాను. కుబాన్ మంచానికి ఇటుపక్క నిలబడ్డాడు. నర్సు అటుపక్క స్టూలు మీద కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. జిర్గాల్ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తోంది. లేవమంటే లేవడం లేదు." అతను గొంతు తగ్గించాడు. "నాడి చూస్తోందట మేడం. ఒక్క నిమిషం ఆగమంటోంది, లెక్క పూర్తి కాలేదట. ఏం చెయ్యమంటారు?"

గుమ్మంలో సోవెత్‌బెక్, పొయ్యి ముందు మార్లెన్, మంచం మీద అవ్వ, ముగ్గురూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"నీ చెయ్యి సైరా భుజం మీద ఉంచు," అంది అనార్‌కుల్. "లెక్క పూర్తి కానియ్యి."